కొత్త వీల్స్ కొనే ముందు టేపు పట్టుకోండి: స్పోర్ట్స్ కారుకి సరిపడే రిమ్ములు, టైర్లు ఎంచుకోవడం ఎలా

స్పోర్ట్స్ కారు చేతికొచ్చిన ఆరు నెలల్లో ఎవరి చూపైనా వీల్స్ మీదే పడుతుంది. ఎక్కడో ఫోటోలో మన మోడలే కనిపిస్తుంది. కంచు రంగు అల్లాయ్స్, ఫెండర్ అంచుతో గీత గీసినట్టు నిలబడ్డ టైర్లు. ఇక నిద్ర పట్టదు. తప్పేం లేదు, నాకూ అదే జబ్బు. చిక్కంతా వరుసలో ఉంది. చాలామంది ముందు డిజైన్ చూసుకుని, తర్వాత రంగు ఖాయం చేసుకుని, ఆఖర్న ‘ఇది నా కారుకి పడుతుందా?’ అని షాపులో అడుగుతారు. పడుతుందనే అంటారు. వాళ్ల దృష్టిలో పడటమంటే నట్లు ఎక్కడం. మనకి పడటమంటే పక్కన ఇంకో మనిషి కూర్చుని, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, గుంతలో దిగినా ఎక్కడా రాసుకోకపోవడం. ఈ రెండింటి మధ్య తేడా మిల్లీమీటర్లలో ఉంటుంది.

అందుకే వరుస తిరగేద్దాం. కొలతలు ముందు, టైరు సైజు తర్వాత, డిజైన్ ఆఖర్న. చెప్పేది గాల్లో లేకుండా ఒక కారు పెట్టుకుందాం: మొదటి తరం టొయోటా 86. దాని లెక్కలు సులువుగా ఉంటాయి. మీ కారు వేరే అయినా అంకెలు మార్చుకుంటే చాలు.

కంపెనీ ఇచ్చిన లెక్క రాసుకోండి

డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. టైరు సైజు, గాలి ఎంత పెట్టాలో అందులో ఉంటాయి. కొన్ని కార్లలో ఒక్కో యాక్సిల్ మోయగల గరిష్ఠ బరువు కూడా అక్కడే ఉంటుంది. ఇక రిమ్ వెడల్పు, ఆఫ్‌సెట్ (వీల్ ఎంత లోపలికి కూర్చుంటుందో చెప్పే అంకె, వివరం కింద ఉంది) రిమ్ వెనకే పోతపోసి ఉంటాయి. వీల్ విప్పి, స్పోకుల వెనక మట్టి తుడిచి చూస్తే ‘17×7జె ఈటీ48’ లాంటి రాత కనబడుతుంది. మన 86కి అసలు లెక్క ఇదే: 17 అంగుళాల వ్యాసం, 7 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ (ఈటీ) 48 మి.మీ., టైరు 215/45 ఆర్17 (215 మి.మీ. వెడల్పు, పక్కగోడ ఎత్తు అందులో 45 శాతం, 17 అంగుళాల రిమ్). ఇకపై ప్రతి కొలతనీ దీనితోనే పోల్చాలి.

కారు సెకండ్ హ్యాండ్‌ది అయితే దాని మీదున్న వీల్స్ అసలువో కావో ముందు తేల్చుకోండి. ఎవరో మార్చిన వీల్స్‌ని అసలువనుకుని లెక్క మొదలుపెడితే తప్పు అక్కడినుంచే మొదలవుతుంది.

బోల్టుల వరుస, మధ్య రంధ్రం

బోల్టుల వరుసని పీసీడీ అంటాం. 5×100 అంటే ఐదు స్టడ్‌లు (నట్లు ఎక్కే బోల్టులు), వాటి మధ్యల గుండా గీసిన వృత్తం వ్యాసం 100 మి.మీ. 86ది అదే. నిస్సాన్ 370జెడ్, ఫోర్డ్ మస్టాంగ్‌లది 5×114.3. పోర్షా 911ది 5×130. మజ్దా ఎంఎక్స్-5 నాలుగు తరాల్లో మూడోది ఒక్కటే ఐదు బోల్టులది, నాలుగో తరంలో మళ్లీ 4×100కే వచ్చారు. మోడల్ పేరు ఒకటే కదా అని వీల్స్ కొనేయకూడదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇక్కడ ‘దగ్గర దగ్గర’ అనే మాట లేదు. పాత బీఎండబ్ల్యూల్లో చాలావాటిది 5×120, సీ7 కార్వెట్‌ది 5×120.65. తేడా అర మిల్లీమీటరు పైచిలుకే. చేత్తో తోస్తే వీల్ ఎక్కేస్తుంది, నట్టు బిగిస్తే బిగుస్తుంది కూడా. కానీ ప్రతి స్టడ్ ఒక పక్కకి లాగబడి ఉంటుంది. రోజూ వంగుతూ లేస్తూ ఉన్న ఉక్కు ఎప్పుడు తెగుతుందో చెప్పి తెగదు.

మధ్య రంధ్రం, అదే సెంటర్ బోర్, దగ్గర నేను తిన్న దెబ్బ చెప్తాను. ఒకప్పుడు నా 86కి సెకండ్ హ్యాండ్‌లో అల్లాయ్స్ తీసుకున్నాను. పీసీడీ సరిగ్గానే ఉంది, ఆఫ్‌సెట్ సరిగ్గానే ఉంది. కారు హబ్ (వీల్ మధ్య రంధ్రంలో దూరే గుండ్రటి భాగం) 56.1 మి.మీ., వీల్ బోర్ 73.1. ఆ పదిహేడు మిల్లీమీటర్ల ఖాళీ గురించి అడిగితే, నట్లే వీల్‌ని మధ్యకి తెచ్చుకుంటాయిలే అన్నారు. ఇంటికొచ్చే దారిలోనే గంటకి 95 దాటగానే స్టీరింగ్ సన్నగా వణకడం మొదలైంది, 110 దాటితే ఆగిపోయేది. మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాను. మెషీన్ మీద సున్నా చూపిస్తుంది, రోడ్డెక్కితే వణుకుతుంది. చివరికి ఒక పెద్దాయన వీల్ విప్పి, హబ్‌కీ రంధ్రానికీ మధ్య వేలు పెట్టి తిప్పి చూపించాడు. ఆ ఖాళీ పూడ్చే నాలుగు రింగులు వేయగానే ఆ జబ్బు పోయింది.

నట్లు మధ్యకి తెస్తాయన్న మాట అబద్ధమేమీ కాదు. శంఖు ఆకారం నట్లయితే, వీల్‌ని గాల్లో ఉంచి, ఎదురెదురు నట్లని కొంచెం కొంచెంగా బిగిస్తే తెస్తాయి. హడావుడిగా నట్లు బిగించే గన్‌తో ఒక పక్కనుంచి బిగించుకుంటూ పోతే తేవు. బయటి కంపెనీలు ఒకే వీల్‌ని పది కార్లకి అమ్మాలి కాబట్టి బోర్ పెద్దగా పెడతాయి. ఖాళీ పూడ్చడానికి హబ్ సెంట్రిక్ రింగులు వేసుకోవాలి. రోడ్డు వాడకానికి ప్లాస్టిక్‌వి చాలు. ట్రాక్ మీద బ్రేకులు కాగితే అవి మెత్తబడతాయి, అక్కడికి అల్యూమినియంవి మేలు. బోర్ హబ్ కన్నా చిన్నదైతే ఆ వీల్ గురించి మర్చిపోండి.

ఆఫ్‌సెట్: ఇక్కడ తొందరపడొద్దు

వీల్ హబ్‌కి ఆనే ముఖం, రిమ్ వెడల్పు మధ్య గీత నుంచి ఎంత దూరంలో ఉందో అదే ఆఫ్‌సెట్. ఆ ముఖం బయటివైపు, అంటే స్పోకుల వైపు, ఉంటే ప్లస్. అంకె పెరిగేకొద్దీ వీల్ కారు లోపలికి పోతుంది, తగ్గేకొద్దీ బయటికి వస్తుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. వెడల్పు, ఆఫ్‌సెట్ రెండూ కలిసి మారినప్పుడే లెక్క తప్పుతారు. ‘ఆఫ్‌సెట్ తగ్గించాను కాబట్టి లోపల ఇబ్బంది లేదు’ అనుకుంటారు. వెడల్పు పెంచితే వీల్ రెండు పక్కలా పెరుగుతుందని గుర్తుండదు.

కాగితం తీసుకోండి. అంగుళానికి 25.4 మి.మీ.

అసలు రిమ్ 7 అంగుళాలు, అంటే 177.8 మి.మీ., సగం 88.9. హబ్ ముఖం నుంచి లోపలికి 88.9 + 48 = 136.9. బయటికి 88.9 − 48 = 40.9.

మీకు నచ్చింది 17×8, ఆఫ్‌సెట్ 40 అనుకుందాం. సగం 101.6. లోపలికి 141.6, బయటికి 61.6. అంటే రిమ్ అంచు లోపలికి 4.7 మి.మీ. జరిగింది, బయటికి 20.7 వచ్చింది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. రాసుకునేది రిమ్ కన్నా ముందు టైరు కాబట్టి దాని లెక్క కూడా చూడాలి. 215/45 టైరు అసలు వెడల్పు, 7 అంగుళాల రిమ్ మీద, దాదాపు 213 మి.మీ. 225/45 టైరు వెడల్పుని 7.5 రిమ్ మీద కొలుస్తారు, అక్కడ 225 ఉంటుంది. రిమ్ అర అంగుళం పెరిగితే టైరు సుమారు 5 మి.మీ. ఉబ్బుతుంది కాబట్టి 8 రిమ్ మీద 230. ఇప్పుడు సగాలు 106.5, 115. ఆఫ్‌సెట్ తేడా 8. బయటివైపు టైరు 16.5 మి.మీ. ముందుకొచ్చింది, లోపలివైపు జరిగింది అర మిల్లీమీటరే. అంటే ఈ సెట్‌తో సస్పెన్షన్ వైపు భయం లేదు, చూడాల్సింది ఫెండర్ వైపే.

అదే కారుకి 17×9, ఆఫ్‌సెట్ 42, 245/40 టైరు అనుకుంటే? 9 రిమ్ మీద ఆ టైరు దాదాపు 253 ఉంటుంది. బయటికి 26, లోపలికి 14 మి.మీ. పెరుగుతుంది. ఆఫ్‌సెట్ తగ్గించినా లోపలికి 14 పోయింది చూశారా? ఇప్పుడు స్ట్రట్ (చక్రం లోపలివైపు నిలువుగా ఉండే సస్పెన్షన్ కడ్డీ), స్ప్రింగ్ పళ్లెం (స్ప్రింగ్ కూర్చునే బిళ్ల) రెండింటి దగ్గరా ఖాళీ కొలవాలి.

కొలవడం ఎలాగంటే, కారు చదునైన చోట ఆపి, ఫెండర్ అంచు నుంచి ఒక దారానికి నట్టు కట్టి వేలాడదీయండి. ఇప్పుడున్న టైరు ఉబ్బుకీ దారానికీ మధ్య దూరం స్కేలుతో చూడండి. లోపలివైపు టైరుకీ స్ట్రట్‌కీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో కాదు, ఎన్ని మిల్లీమీటర్లో చూడండి. డ్రిల్ బిట్లు గేజులా బాగా పనికొస్తాయి: 5 మి.మీ. బిట్ దూరితే అంత ఖాళీ ఉన్నట్టే. నాలుగు మూలలా విడివిడిగా కొలవండి. ఎడమా కుడీ ఒకేలా ఉంటాయని మాత్రం అనుకోకండి, నా కారులో వెనక చక్రాలకే 4 మి.మీ. తేడా వచ్చింది.

స్ట్రట్ వైపు కనీసం 4, 5 మి.మీ. మిగలాలి. ఫెండర్ వైపు ఎంత మిగలాలన్నది సస్పెన్షన్ మీద ఉంటుంది. కారు కిందికి దించి ఉంటే గుంతలో టైరు ఇంకా పైకెళ్తుంది. అయితే పైకెళ్లేకొద్దీ చాలా కార్లలో చక్రం పైభాగం కొంచెం లోపలికి వాలుతుంది, అది మనకి లాభం. వీల్స్ మార్చి, ఆ తర్వాత స్ప్రింగులు మార్చే ఆలోచన ఉంటే వరుస మార్చండి. ముందు ఎత్తు తేల్చుకోండి.

మరీ బయటికి లాగితే చూడ్డానికి బాగుంటుంది, నిజమే. కానీ స్టీరింగ్ బరువెక్కుతుంది, రోడ్డు మీది గాడుల వెంట కారు తనంతట తనే పోతుంది, బేరింగ్ మీద భారం పెరుగుతుంది. అసలు ఆఫ్‌సెట్ నుంచి 10 మి.మీ. కన్నా ఎక్కువ జరపాల్సి వస్తే ఆ డిజైన్ మీ కారు కోసం చేసింది కాదని నా లెక్క.

బ్రేకులు

వ్యాసం 18 ఉందని కాలిపర్ (బ్రేక్ డిస్క్‌ని నొక్కి పట్టే భాగం) దూరుతుందని లేదు. రిమ్ లోపలి గొట్టానికీ కాలిపర్‌కీ మధ్య ఒక ఖాళీ, స్పోకుల వెనకకీ కాలిపర్ ముఖానికీ మధ్య ఇంకో ఖాళీ. రెండోదే ఎక్కువగా మోసం చేస్తుంది, ఎందుకంటే ఆఫ్‌సెట్ ఒకటే అయినా ఒక డిజైన్‌లో స్పోకులు లోపలికి వంగి ఉంటాయి, ఇంకో దాంట్లో బయటికి ఉబ్బి ఉంటాయి. పెద్ద బ్రేక్ కిట్లు చేసేవాళ్లు టెంప్లేట్ ఇస్తారు. దాన్ని అసలు సైజులో ప్రింట్ తీసి, అట్టకి అతికించి కత్తిరించి, వీల్ లోపల తిప్పి చూడండి. కనీసం 3 మి.మీ. ఖాళీ ఉండాలి. లోపల అతికించే బ్యాలెన్స్ బరువుల మందం కూడా కలుపుకోండి. అవి కాలిపర్‌కి తగిలి ఊడిపోతాయి, తర్వాత వణుకు ఎక్కడిదో అర్థం కాక తల పట్టుకుంటాం.

టైరు ఎత్తు

215/45 ఆర్17 మొత్తం వ్యాసం: 17 × 25.4 = 431.8, దానికి పక్కగోడ రెండుసార్లు (215లో 45 శాతం 96.75) కలిపితే 625.3 మి.మీ. కొత్త టైరు దీనికి 2 శాతం అటూ ఇటూలో ఉంటే హాయి, 3 దాటకూడదు. 225/45 ఆర్17 అయితే 634.3, అంటే 1.4 శాతం ఎక్కువ. 245/40 ఆర్17 అయితే 627.8, దాదాపు సమానం. 235/40 ఆర్18కి వెళ్తే 645.2. 3.2 శాతం ఎక్కువ: మీటర్ 100 చూపిస్తుంటే కారు 103లో ఉంటుంది, గేర్లు పొడవై ఎత్తుకోవడం మందగిస్తుంది, ఫెండర్ పైన పది మిల్లీమీటర్లు తగ్గుతాయి.

నాలుగు చక్రాలూ లాగే కార్లలో ముందూ వెనకా టైర్ల వ్యాసాలు దాదాపు సమానంగా ఉండాలి. నిస్సాన్ జీటీ-ఆర్ చూడండి. ముందు 255/40 ఆర్20, వెనక 285/35 ఆర్20. వెడల్పులో 30 మి.మీ. తేడా ఉన్నా వ్యాసాలు 712, 707.5. కంపెనీ ఊరికే అలా పెట్టలేదు. ఈ నిష్పత్తి చెడితే ముందువెనక చక్రాలకి శక్తి పంచే డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ క్లచ్ నిరంతరం జారుతూ కాగుతాయి.

నాలుగూ ఒకే సైజుతో వచ్చిన కారుకి వెనక మాత్రమే వెడల్పు పెంచడం నాకు నచ్చదు. ఫోటోకి బాగుంటుంది, మలుపులో ముక్కు బయటికి తోసుకుపోతుంది. పైగా టైర్లు ముందువెనకలు మార్చుకునే వీలు పోతుంది.

సన్న టైరుని వెడల్పు రిమ్ మీద సాగదీసి ఎక్కించే ఫ్యాషన్ ఒకటుంది. ప్రతి టైరుకీ ఇంత నుంచి ఇంత వెడల్పు రిమ్ అని తయారీదారు చెప్తాడు. 225/45 ఆర్17కి 7 నుంచి 8.5. దాని బయటికి వెళ్తే గుంతలో పూస (రిమ్‌ని పట్టుకునే టైరు లోపలి అంచు) రిమ్ నుంచి జారవచ్చు. అది వద్దు.

పక్కగోడ చివర్లో ఉండే 91డబ్ల్యూ లాంటి గుర్తు ఎవరూ చూడరు. 87 అంటే ఒక టైరు 545 కిలోలు మోస్తుంది, 91 అంటే 615, 94 అంటే 670. వి అంటే గంటకి 240 కిలోమీటర్ల వరకు, డబ్ల్యూ 270, వై 300. కంపెనీ ఇచ్చినదాని కన్నా తక్కువ అంకెకీ అక్షరానికీ దిగొద్దు.

వీల్ ఎలా తయారైందో అడగండి

పోత వీల్స్ చవక, బరువు. ఫ్లో ఫార్మింగ్ అంటే పోతపోసిన దాన్ని వేడిచేసి, తిప్పుతూ, రోలర్లతో నొక్కి గొట్టం భాగాన్ని సాగదీయడం. పలచగా, గట్టిగా వస్తుంది. ఫోర్జింగ్‌లో అల్యూమినియం దిమ్మని వేల టన్నుల ప్రెస్సు కింద అణుస్తారు. రేస్ (Rays) అనే వీల్ కంపెనీ 1996లో తెచ్చిన టీఈ37కి ఆ పేరు రావడానికి కారణం 15×6 సైజు వీల్ 3.7 కిలోలే ఉండటం. స్ప్రింగుల కింద తగ్గిన కిలో రోడ్డు గతుకుల్లో తెలుస్తుంది, అదీ హబ్ దగ్గర కన్నా రిమ్ అంచున తగ్గితే బ్రేకులకీ ఎత్తుకోవడానికీ ఇంకా లాభం. అందుకే నా సలహా: బ్రేకులు దాటగల అతి చిన్న వ్యాసం తీసుకోండి. 17 సరిపోయే చోట 19 వేస్తే టైరూ వీలూ రెండూ బరువెక్కుతాయి, పక్కగోడ పలచబడి గుంతలో రిమ్ వంగుతుంది.

సరైన పోత వీల్ కన్నా దొంగ ఫోర్జ్డ్ వీల్ ప్రమాదం. వెనక జేడబ్ల్యూఎల్ ముద్ర ఉందా, వీఐఏ ముద్ర ఉందా చూడండి. మొదటిది జపాన్ ప్రమాణం పాటించామని తయారీదారు తనంతట తను వేసుకునేది, రెండోది బయటి సంస్థ దగ్గర నమోదైతే వేసేది. లోడ్ రేటింగ్ ముద్ర కూడా వెతకండి: యాక్సిల్ గరిష్ఠ బరువులో సగానికి తగ్గకూడదు. ఈ ముద్రలేవీ లేని వీల్ ఎంత అందంగా ఉన్నా నేను ముట్టుకోను.

రబ్బరు సంగతి

బడ్జెట్ చాలకపోతే వీల్స్ దగ్గర తగ్గించుకుని టైర్ల దగ్గర పెట్టండి. రోడ్డుకి తగిలేది టైరే. సమ్మర్ టైర్లు పొడిలోనూ వానలోనూ బాగా పట్టుకుంటాయి, కానీ 7 డిగ్రీల కన్నా చలి ఉంటే గట్టిపడి పట్టు వదిలేస్తాయి. ట్రెడ్‌వేర్ అంకె (టైరు అరుగుదలని చెప్పేది) తక్కువుంటే మెత్తన, త్వరగా అరుగుతుంది. రోజూ తిరిగే కారుకి 300 చుట్టుపక్కల, ట్రాక్‌కి వెళ్లే కారుకి 200. ఒక కంపెనీ 300ని ఇంకో కంపెనీ 300తో పోల్చి లాభం లేదు, ఎవరి పరీక్ష వాళ్లదే. పోర్షాకి ‘ఎన్’, బీఎండబ్ల్యూకి నక్షత్రం గుర్తున్న టైర్లు ఆ కార్ల కోసం సర్దినవి.

తయారీ తేదీ పక్కగోడ మీద నాలుగంకెల్లో ఉంటుంది. 1523 అంటే 2023లో 15వ వారం.

నట్లు

పాత నట్లు కొత్త వీల్స్‌కి పనికొస్తాయని అనుకోవద్దు. బయటి వీల్స్‌కి ఎక్కువగా 60 డిగ్రీల శంఖు గద్దె (నట్టు ఆనే చోటు) ఉంటుంది. హోండా, పోర్షా అసలు నట్లు, బోల్టులకి గుండ్రటి గద్దె. గుండ్రటి నట్టు శంఖు రంధ్రంలో సన్నని అంచు మీద ఆనుతుంది, బిగించినప్పుడు గట్టిగానే అనిపిస్తుంది, తిరిగేకొద్దీ వదులవుతుంది. మరలు కూడా చూడాలి. 86ది ఎం12×1.25 (స్టడ్ మందం 12 మి.మీ., మరకీ మరకీ మధ్య 1.25), చాలా టొయోటాలది ఎం12×1.5. బలవంతంగా ఎక్కిస్తే స్టడ్ పోతుంది. నట్టు స్టడ్ మీదికి కనీసం స్టడ్ మందమంత లోతు ఎక్కాలి. స్పేసర్లు (వీల్‌ని బయటికి జరిపే బిళ్లలు) వేసేవాళ్లు ఇది మరీ చూసుకోవాలి.

బిగించే రోజు

టైరు ఎక్కించకముందే ఉత్త రిమ్‌ని హబ్‌కి పెట్టి, రెండు నట్లు వేసి, చేత్తో పూర్తి చుట్టు తిప్పి చూడండి. టైరు ఎక్కిన వీల్‌ని చాలా షాపులు వెనక్కి తీసుకోవు, కాబట్టి ఈ ఐదు నిమిషాలకి విలువ ఎక్కువ. ముందూ వెనకా రెండు చోట్లా చూడండి.

గాలి ప్రెషర్ సెన్సార్లున్న కారైతే పాత వీల్స్‌లోవి విప్పి కొత్తవాటికి వేయించండి, లేదా అదే ఫ్రీక్వెన్సీవి కొత్తవి తీసుకోండి: 315 మెగాహెర్ట్జ్ కారు 433ని వినదు.

టైరు ఎక్కించాక బయటి భుజం చుట్టూ సుద్దముక్కతో మందంగా రాయండి. స్టీరింగ్ ఒక చివరికి తిప్పి నెమ్మదిగా వెనక్కి, ముందుకి నడపండి. రెండో చివరికి తిప్పి అలాగే చేయండి. తర్వాత ఇద్దరు కూర్చుని స్పీడ్ బ్రేకర్ ఒకటి దాటండి. దిగి టార్చ్‌తో ఫెండర్ లోపలి ప్లాస్టిక్ చూడండి. సుద్ద అంటిన చోటే రాసుకుంటోంది. ప్లాస్టిక్ మీద చిన్న మెరుపు గీతైతే హీట్ గన్‌తో కొంచెం వెనక్కి నొక్కితే సరిపోవచ్చు. గీత ఇనుప అంచు మీద ఉంటే మాత్రం బండి అక్కడే ఆపండి, ఆ అంచు టైరుని కోసేస్తుంది.

నట్లు గన్‌తో కాకుండా టార్క్ రెంచ్‌తో, నక్షత్రం వరుసలో బిగించండి. 86కి 120 న్యూటన్ మీటర్లు. అలైన్‌మెంట్ చేయించండి. 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక, వీల్స్ చల్లారినప్పుడు, అదే రెంచ్‌తో మళ్లీ ఒకసారి. పాత వీల్స్‌ని, పాత నట్లతో సహా, ఒక వానాకాలం గడిచేదాకా అమ్మకుండా మూలన పెట్టి ఉంచండి.